సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారుకి ఏ టైర్లు? ఎంవీపీ కాలనీ తమ్ముడికి జవాబు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం. హైదరాబాద్‌లో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ జడ్4 కొన్నాను, 2012 మోడల్, 35ఐ. ఆయన చాలా జాగ్రత్తగా వాడారు, తక్కువ తిరిగింది. వెనక టైర్లు రెండూ లోపలి అంచున గుండయిపోయాయి, ముందువి గాడులు బాగానే ఉన్నాయి. ముందు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18, నాలుగూ రన్‌ఫ్లాట్లే (గాలి పోయినా కొంత దూరం నడిచేవి). షాపులో నాలుగింటికి లక్ష పైనే చెప్పారు. మా నాన్న వెనకవి రెండు మార్చి ఊరుకోమంటారు. ఒక ఫ్రెండు సెమీ స్లిక్ వేయించమంటాడు, ఇంకొకడు 19 అంగుళాల రిమ్ములకి మారిపొమ్మంటాడు. నేను ఆదివారాలు భీమిలి దాకా వెళ్తుంటా, అప్పుడప్పుడు అరకు. ఒక్కోసారి మా ఆవిడ కూడా ఒక్కర్తే నడుపుతుంది. ఏం వేయించమంటావు? నైట్రోజన్ కొట్టించాలా? అన్నట్టు ముందు టైరు మీద చివర్లో 1416 అని ఉంది, అదేంటో తెలీలేదు.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని అన్నట్టు అంటూ ఆఖర్లో రాశావు. ఆ 1416 అనేది టైరు పుట్టిన తేదీ. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలుంటాయి కదా, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే నీ ముందు టైర్లు 2016లో పద్నాలుగో వారం, ఏప్రిల్ మొదట్లో తయారయ్యాయి. గాడులు ఎంత లోతున్నా వాటి పని అయిపోయింది. బీఎండబ్ల్యూ వాళ్లే కారుతో ఇచ్చే పుస్తకంలో, అరిగినా అరక్కపోయినా ఆరేళ్లకి టైర్లు మార్చెయ్యమంటారు. కాబట్టి నాలుగూ మార్చాలి. మీ నాన్నగారికి ఆ పుస్తకంలో పేజీ తీసి చూపించు, నా పేరు మాత్రం చెప్పకు.

గాడులున్నాయి కదా, ఇంకేం కావాలి అంటావేమో. సొరుగులో ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు బ్యాండుని లాగి చూడు, సాగకుండా పుటుక్కున తెగుతుంది. టైరు రబ్బరూ అదే దారిలో పోతుంది, కాకపోతే నెమ్మదిగా. ఎండ, వేడి, గాలిలోని ఆక్సిజన్, ఓజోన్ కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. పగుళ్లు రాకుండా కంపెనీలు రబ్బరులో ఒక రకం మైనం కలుపుతాయి, టైరు తిరుగుతూ వంగుతూ ఉంటేనే అది పైకి వచ్చి సన్నటి పొరలా కాపాడుతుంది. అందుకే సెల్లార్‌లో కవరు కప్పి ఎప్పుడో ఓసారి బయటికి తీసే కార్ల టైర్లు, రోజూ తిరిగే ట్యాక్సీ టైర్ల కంటే ముందే పగుళ్లు చూపించొచ్చు. డాక్టరుగారు జాగ్రత్తగా వాడారని మురిసిపోతున్నావు చూడు, ఇంజనుకి అది మంచిదేమో గానీ టైర్లకి కాదు.

ఇందులో మోసం ఏమిటంటే గట్టిపడ్డ రబ్బరు పొడి రోడ్డు మీద పెద్దగా తేడా తెలియనివ్వదు. వానలోనే బయటపడుతుంది. తారు రోడ్డు నున్నగా కనిపిస్తుంది గానీ వంగి చూస్తే అంతా కంకర మొనలే, మెత్తటి రబ్బరు ఆ మొనల చుట్టూ ఒదిగి పట్టుకుంటుంది, గట్టి రబ్బరు పై నుంచి జారిపోతుంది, మధ్యలో నీటి పొర కూడా ఉంటే ఇక చెప్పేదేముంది. మన ఊళ్లో జూన్ నుంచి నవంబరు దాకా వాన గొడవ ఉండనే ఉంది, అక్టోబరులో వాయుగుండాలు అదనం. హుద్‌హుద్ వచ్చింది కూడా అక్టోబరులోనే కదా, 2014లో. అంటే మనకి టైరు వానకి పనికొస్తుందా లేదా అన్నది ఏడాదిలో సగం రోజుల ప్రశ్న. నేను టైరు ఎంచుకోమంటే మొదట చూసేది తడి రోడ్డు మీద బ్రేకు. పొడి రోడ్డు మీద మలుపులో ఎంత పట్టు ఉంది అన్నది రెండోది. పేరున్న స్పోర్ట్స్ టైరు ఏదైనా పొడి రోడ్డు మీద నీకు అవసరమైన దానికంటే ఎక్కువే పట్టుకుంటుంది.

వెనకవి మాత్రమే మారిస్తే ఏమవుతుందో కూడా చెప్తా, నాన్నగారికి పనికొస్తుంది. వెనక కొత్త మెత్తటి రబ్బరు, ముందు 2016 నాటి గట్టి రబ్బరు. అనంతగిరి ఘాట్‌లో చినుకు పడుతుండగా దిగుతున్నావనుకో, మలుపులో స్టీరింగ్ తిప్పితే వెనక చక్రాలు పట్టుకునే ఉంటాయి, ముందు చక్రాలు మాత్రం మాట వినకుండా తిన్నగా పోతాయి. తిన్నగా అంటే అక్కడ లోయ. పోనీ తలకిందులుగా, ముందువి కొత్తవి, వెనకవి పాతవి అయితే ఇంకా ఘోరం, కారు తోక విసురుతుంది. నీది వెనక చక్రాలు తిరిగే కారు, 306 గుర్రాల ఇంజను, డీఎస్‌సీ అనే ఎలక్ట్రానిక్ కాపలా ఉంది గానీ ఉన్న పట్టుని సర్దడమే దాని పని, లేని పట్టుని అది పుట్టించలేదు. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్, వీలైతే తయారీ తేదీలు కూడా దగ్గర దగ్గరగా ఉండాలి.

ఇప్పుడు ఫ్రెండ్స్ సంగతి.

సెమీ స్లిక్ అనే మాట పొట్టిగా ముద్దుగా ఉంటుంది. రేసు ట్రాకుని దృష్టిలో పెట్టుకుని చేసిన రోడ్డు టైర్లవి, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2, యోకోహామా అడ్వాన్ ఏ052 లాంటివి. అవి గొప్ప టైర్లే, ఎవరూ కాదనరు. కానీ గాడులు తక్కువ, అవి పూర్తిగా పని చెయ్యాలంటే బాగా వేడెక్కాలి, రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉంటే తేలిపోతాయి. అరుగుదలకి అమెరికా లెక్కలో ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీదే అచ్చువేస్తారు, ఎక్కువుంటే ఎక్కువ కాలం వస్తుందని లెక్క. కప్ 2కి అది 180, ఏ052కి 200, అదే మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కి 300. (ఈ అంకెలు కంపెనీలు తమ టైర్లకి తామే వేసుకునేవి, ఒక కంపెనీ టైర్లని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి బాగుంటాయి, రెండు కంపెనీల మధ్య కొట్లాటకి పనికిరావు.) సెమీ స్లిక్కుల సత్తా తెలియాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకు దాకా వెళ్లాలి. నువ్వు వెళ్లేది భీమిలి. ఆదివారం పొద్దున్న బీచ్ రోడ్డు మీద నడిచేవాళ్లు, సైకిళ్లు, కొబ్బరిబోండాల బళ్లు, గాలి వీచిన మర్నాడు రోడ్డు మీదికొచ్చిన ఇసుక. అక్కడ సెమీ స్లిక్ చేసే పని ఏమీ లేదు, పైగా ఇసుక ఉన్న చోట ఏ టైరైనా ఒకటే.

19 అంగుళాల రిమ్ముల గురించి ఎక్కువ మాట్లాడను. 225/40 ఆర్18లో 225 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 18 రిమ్ము అంగుళాలు. నీ ముందు టైరు సైడ్‌వాల్ ఎత్తు 225లో 40 శాతం, అంటే 90 మిల్లీమీటర్లు, వెనకది 89 చిల్లర. 19కి వెళ్తే ఇంకా పలచబడుతుంది. ఎన్ఏడీ జంక్షన్ నుంచి గోపాలపట్నం, పెందుర్తి మీదుగా అరకు రోడ్డెక్కేదాకా గతుకుల్లో ఆ పలచటి టైరుకీ రిమ్ముకీ మధ్య ఏ అడ్డూ ఉండదు, ఒక్క గుంటకి టైరు పక్కన బుడిపె, రిమ్ముకి వంకర రెండూ వస్తాయి. బుడిపె వచ్చిన టైరుని ఏ ప్యాచూ బాగుచెయ్యదు, పారెయ్యడమే. నన్నడిగితే 17కి దిగడం తెలివైన పని. లెక్క చూడు, 225/40 ఆర్18 మొత్తం ఎత్తు 637 మిల్లీమీటర్లు, 225/45 ఆర్17ది 634, దాదాపు ఒకటే, స్పీడోమీటరుకి తేడా తెలియదు, సైడ్‌వాల్ మాత్రం ముందుకంటే ఒక సెంటీమీటరు పైన పెరుగుతుంది. వెనకకి 255/40 ఆర్17 అవుతుంది, అది 636. అయితే 35ఐకి బ్రేకులు పెద్దవి, కొనే ముందు ఆ 17 రిమ్ముని ఒకసారి తొడిగి, బ్రేకు క్యాలిపర్‌కి తగలకుండా తిరుగుతుందో లేదో చూసుకోవాలి. రిమ్ముల ఖర్చు కూడా ఉంది కాబట్టి బలవంతం చెయ్యను. ఇప్పుడున్న 18 అంగుళాలే ఉంచి మంచి టైర్లు వేయించుకున్నా నాకు అభ్యంతరం లేదు, పైకి మాత్రం వెళ్లకు.

అసలు ఆలోచించాల్సింది రన్‌ఫ్లాట్ దగ్గరే. నీ కారు డిక్కీలో స్టెప్నీ లేదు, పెట్టుకునే చోటు కూడా లేదు, కంపెనీ వాళ్లు రన్‌ఫ్లాట్లు వేసింది అందుకే. గాలి మొత్తం పోయినా సైడ్‌వాల్ గట్టిదనంతోనే కారు నిలబడుతుంది, మామూలుగా గంటకి 80 కిలోమీటర్లు దాటకుండా ఓ 80 కిలోమీటర్ల దూరం పోవచ్చని చెప్తారు. అరకు నుంచి ఎస్.కోట దాకా దిగిపోవడానికి అది సరిపోతుంది. బాగానే ఉంది కదా, మరి తంటా ఏంటి అంటే, ఆ గట్టి సైడ్‌వాలే రోజూ నీ నడుముకి తెలుస్తుంది. ప్రతి అతుకూ ప్రతి గతుకూ సీట్లోకి వస్తుంది. టైరు బరువూ ఎక్కువే. గతుకుల మలుపులో మామూలు టైరు కాస్త వంగి రోడ్డుని పట్టుకుని ఉండే చోట రన్‌ఫ్లాట్ ఎగిరి పక్కకి పడుతుంది, అంటే సుఖం ఒక్కటే కాదు, పట్టు కూడా పోతుంది. ధర ఎక్కువ. ఒకసారి గాలి లేకుండా నడిపిన రన్‌ఫ్లాట్‌కి పంచర్ వేయించుకుని మళ్లీ వాడటం మంచిది కాదు, లోపల సైడ్‌వాల్ నలిగిపోయి ఉంటుంది, పైకి కనిపించదు.

జడ్4 నడిపేవాళ్లు చాలామంది రన్‌ఫ్లాట్లు తీసేసి మామూలు స్పోర్ట్స్ టైర్లు వేయించుకుంటారు, కారే మారిపోయిందంటారు, నా ఓటూ అటే. కానీ ఒక షరతు. స్టెప్నీ లేని కారులో మామూలు టైరు వేస్తే పంచర్ పడ్డప్పుడు ఏం చెయ్యాలన్నది ఇంట్లో కూర్చుని ముందే తేల్చుకోవాలి. డిక్కీలో 12 వోల్టుల గాలి పంపు, పంచర్ కిట్టు, సీలెంట్ డబ్బా ఎప్పుడూ ఉండాలి. మేకు దిగితే వీటితో గట్టెక్కుతావు. సైడ్‌వాల్ చిరిగితే వీటిలో ఏదీ పనిచెయ్యదు, కారుని ఎత్తుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ బండే గతి. ముందు చక్రాలకి కొక్కెం వేసి ఈడ్చుకెళ్లే క్రేన్ వస్తే ఒప్పుకోకు, నీ కారు నేలకి అంత దగ్గరగా ఉంటుంది, బంపరు పోతుంది, వెనక చక్రాలు నేల మీద తిరుగుతుంటే గేరుబాక్సుకీ మంచిది కాదు. ఇన్సూరెన్సులో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో, ఉంటే ఫ్లాట్‌బెడ్ పంపిస్తారో లేదో ఫోన్ చేసి అడుగు. హైవే మీద ఇరుక్కుంటే హెల్ప్‌లైన్ 1033 ఉండనే ఉంది. ఘాట్‌లో అయితే చాలా చోట్ల ఫోనే తగలదు.

అందుకే మీ ఇద్దరిలో ఎవరైనా రాత్రిపూట ఒంటరిగా ఊరు దాటి నడిపే అలవాటుంటే రన్‌ఫ్లాట్లే ఉంచమంటాను. మీ ఆవిడ ఒక్కర్తే నడుపుతుందని రాశావు, ఎక్కడికి, ఏ వేళప్పుడు అన్నది రాయలేదు. చీకట్లో ఆనందపురం దాటాక టైరు పోతే పంపు తీసుకుని దిగి గాలి కొడతావా అని ఆవిడనే అడుగు. కొడతాను, అదేం పెద్ద పని అంటే మామూలు టైర్లు. మొహం అదోలా పెడితే రన్‌ఫ్లాట్లు, రైడ్ గతుకుగా ఉన్నా సరే. ఇది నువ్వొక్కడివే తేల్చాల్సింది కాదు, నేను తేల్చాల్సింది అసలే కాదు. రన్‌ఫ్లాట్ అని పైన రాసి ఉండకపోతే కంగారు పడకు, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఎఫ్‌టీ అంటుంది, మిషెలిన్ జడ్‌పీ అంటుంది, కాంటినెంటల్ ఎస్ఎస్ఆర్ అంటుంది. సగం రన్‌ఫ్లాట్లు, సగం మామూలువి కలపడం మాత్రం వద్దే వద్దు.

షాపుకి వెళ్లే ముందు ఒక చిట్కా. మొదట వెనక సైజు వెతుకు. 225/40 ఆర్18 చాలా కార్లకి వచ్చే సైజు, ఏదో ఒకటి దొరుకుతుంది. 255/35 ఆర్18 అరుదు. చాలామంది ముందు టైర్లు ఫలానా బ్రాండు అని నచ్చి కొనేసుకుని, తీరా అదే మోడల్ వెనక సైజులో లేదని తెలిసి ఏదో ఒకటి వేసుకుంటారు. నువ్వు తలకిందులుగా చెయ్, 255/35 ఆర్18లో కొత్త తేదీతో ఏ మోడల్ దొరుకుతుందో తేల్చుకుని దానికి జత ముందు వాటికి అడుగు. వైజాగ్‌లో దొరక్కపోతే హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో తెప్పిస్తారు, ఓ వారం పది రోజులు ఓపిక పట్టాలి. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది, లైసెన్సు లేకుండా తేవడానికి లేదు, అందుకే ఇలాంటి సైజులకి అప్పుడప్పుడు కటకట. ఆ కటకటలో రెండు రకాల సరుకు అంటగడతారు, ఒకటి గోడౌన్‌లో ముదిరిన టైర్లు, రెండోది విదేశాల్లో వాడి పారేసిన సెకండ్ హ్యాండ్ టైర్లు. రెండూ వద్దు. ఐఎస్ఐ ముద్ర లేని టైరు అసలు ముట్టుకోకు. "ఏటి సార్, ఫ్రెష్ సరుకే" అంటే సరే అని తల ఊపి, వంగి ఆ నాలుగంకెలు నీ కళ్లతో చదువు. ఏడాది లోపుదైతే హాయిగా తీసుకో, రెండేళ్లకి దగ్గరపడితే ధర తగ్గించమను, అంతకన్నా పాతదైతే వెనక్కి నెట్టు. డబ్బు అడ్వాన్సు ఇచ్చేటప్పుడే ఈ మాట బిల్లు మీద రాయించుకుంటే తర్వాత గొడవుండదు.

మన అచ్యుతాపురంలోనే యోకోహామా వాళ్ల టైర్ల ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడ అడిగితే పోలా అని ఎవరో ఒకరు అంటారు. అది మొదలైంది ట్రాక్టర్లకి, గనుల్లో తిరిగే పెద్ద యంత్రాలకి టైర్లు చెయ్యడానికి. నీ సైజు సంగతి షాపులోనే అడుగు.

ఇక పేర్లు. రన్‌ఫ్లాట్ వద్దనుకుంటే నా మొదటి ఎంపిక మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ లేదా పైలట్ స్పోర్ట్ 5, రెండూ నీ రెండు సైజుల్లోనూ చేస్తారు, వానలో నమ్మకంగా ఆగుతాయి, పట్టుకి తగ్గ మన్నిక ఉంటుంది. బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్ స్టీరింగ్ ఇంకా చురుగ్గా ఉంటుంది, తడిలో కూడా దిట్ట, కాకపోతే తొందరగా అరుగుతుందన్న పేరుంది. ఆదివారం ఒక్కరోజే తీసే కారుకి అదొక లోపమే కాదు, అరిగేలోపే వయసు మీదపడుతుంది. కాంటినెంటల్ స్పోర్ట్‌కాంటాక్ట్ వరస, పిరెల్లి పీ జీరో, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1 కూడా ఇదే తరగతి. ఖర్చు తగ్గించుకోవాలంటే అపోలో వాళ్లు 2009లో కొన్న డచ్ కంపెనీ వ్రెడెస్టీన్ టైర్లు రెండు సైజుల్లోనూ దొరుకుతాయేమో అడుగు. నా మాట సూటిగా చెప్పాలంటే, ఈ పేర్ల మధ్య తేడా కన్నా కొత్త తేదీకీ పాత తేదీకీ తేడా ఎక్కువ. మూడేళ్లు గోడౌన్‌లో పడున్న మిషెలిన్ కన్నా మొన్న తయారైన రెండో వరస బ్రాండుకే నేను డబ్బిస్తా. బీఎండబ్ల్యూ ఆమోదించిన టైర్ల మీద చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది, ఉంటే మంచిదే, లేదని మంచి టైరు వదులుకోకు.

వీటన్నిటినీ కంపెనీలు సమ్మర్ టైర్లు అంటాయి. పేరు చూసి వానాకాలానికి వేరేవి కొనాలేమో అని టెన్షన్ పడకు. అది మంచు పడే దేశాల వాళ్ల వాడుక, వేడి నేలకీ వానకీ ఇవే సరైనవి, 7 డిగ్రీల కిందికి చలి పడిపోతే మాత్రం ఈ రబ్బరు బిగుసుకుంటుంది. వైజాగ్‌లో ఆ బాధ లేదు. డిసెంబరు తెల్లారుజామున లంబసింగి పోతే మాత్రం మొదటి కొన్ని కిలోమీటర్లు మెల్లగా పోనీ. ఆల్ సీజన్ అని అంటగట్టబోతే వద్దను, మనకి లేని చలి కోసం తడిలోనూ ఎండలోనూ పట్టు వదులుకున్నట్టవుతుంది.

సైజు పక్కన ఉండే అంకె, అక్షరం కూడా చూడు. నీ పాత వాటి మీద ముందు 88 డబ్ల్యూ, వెనక 90 డబ్ల్యూ అని ఉండాలి. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు, 90 అంటే 600 కిలోలు మోస్తుంది, డబ్ల్యూ అంటే 270 కిలోమీటర్ల వేగానికి తట్టుకుంటుంది. కొత్తవి 92 వై, 94 వై అని వస్తాయి, ఎక్కువైతే ఫరవాలేదు, తక్కువ మాత్రం కాకూడదు. హైవే మీద మనకి 100 దాటకూడదు కదా, మరి 270 ఎందుకు అనకు. ఆ అక్షరం వేగం కన్నా టైరు వేడిని ఎంత తట్టుకుంటుందో చెప్తుంది, మే నెల మధ్యాహ్నం తారు మీద అది పనికొచ్చే సంగతే.

బిగించడంలో కూడా జాగ్రత్త. వెనక టైర్లు లోపలి అంచున గుండయ్యాయని రాశావు, అంటే కొత్తవి వేసి పంపించేస్తే అవి కూడా అలాగే తినేస్తుంది. ఈ కార్లకి వెనక చక్రాలు పైభాగం కొంచెం లోపలికి వంగి ఉంటాయి, దానికి తోడు టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా వస్తే లోపలి అంచు మాత్రమే అరిగి, బయట నుంచి చూస్తే టైరు కొత్తగా కనిపిస్తుంటుంది. నాలుగు చక్రాల అలైన్‌మెంట్, అదీ వెనక చక్రాలని కూడా సర్దగలిగే చోట చేయించు, ముందు వాటికి మాత్రమే చేసి కాగితం చేతిలో పెట్టేవాళ్లున్నారు. ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి మార్చి మార్చి తిప్పుకునే వీల్లేదు. సైడ్‌వాల్ మీద అవుట్‌సైడ్ అని రాసి ఉన్న వైపు బయటికి రావాలి, హడావుడిలో తిరగేసి ఎక్కించే కుర్రాళ్లుంటారు, దగ్గరుండి చూసుకో. పాత టైరు తీసినప్పుడు రిమ్ము అంచు, అంటే టైరు కూర్చునే చోటు శుభ్రం చేయించు. సముద్రపు గాలికి అక్కడ తెల్లటి పొడిలా తుప్పు పట్టి, పంచర్ ఏమీ లేకపోయినా గాలి మెల్లగా దిగిపోతుంటుంది. మన ఊళ్లో ఇది మామూలే. వాల్వులు కూడా కొత్తవి వేయించు. మొదటి 300 కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు, కొత్త టైరు పై పొర కాస్త అరిగితే గానీ అసలు పట్టు రాదు.

గాలి విషయం చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం అందులోనే సగం కథ. డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఎంతుంటే అంత, కారు తియ్యకముందు, పొద్దున్నే. ఎండలో నిలబెట్టిన కారుకి గేజి పెట్టి ఎక్కువుందని గాలి తీసెయ్యకు. సొంత గేజి ఒకటి కొను, బంకుల్లో గేజీలని నేను నమ్మను. 5, 6 డిగ్రీల తేడాకి సుమారు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మారుతుంది, అరకులో రాత్రి ఉండి తెల్లారి చూస్తే కింద కొట్టించిన దానికన్నా ఒకటిన్నర దాకా తక్కువ కనిపించొచ్చు (నిజానికి చలికి ఇంకా తగ్గుతుంది, అంత ఎత్తులో బయటి గాలి ఒత్తిడి కూడా తగ్గడం వల్ల గేజి కొంచెం ఎక్కువ చూపించి సగం కప్పేస్తుంది). దానికి కంగారు అక్కర్లేదు. కానీ నెలల తరబడి చూసుకోకుండా 32 ఉండాల్సింది 24కి దిగిందనుకో, వానలో దాని ధర వేరు. 1960ల్లో నాసా వాళ్లు నీళ్లు నిలిచిన రన్‌వే మీద విమానం టైర్లు ఎంత వేగంలో తేలిపోతాయో కొలిచి ఒక సూత్రం తేల్చారు, తేలే వేగం టైరులోని గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. గాడులు తోడలేనంత నీళ్లున్న చోట ఆ లెక్కన 32 పీఎస్ఐకి గంటకి 94 కిలోమీటర్ల దగ్గర, 24కి 82 దగ్గరే టైరు నీటి మీదికి ఎక్కేస్తుంది. నీవి వెడల్పు టైర్లు, వాటి కింద నుంచి తోడాల్సిన నీళ్లూ ఎక్కువే. ఆనందపురం, అనకాపల్లి మధ్య హైవే మీద కుండపోతలో ముందు బస్సు దాటుకుపోయిందని నువ్వు వెంటపడకు, దానికి బరువుంది, టైర్లలో నీకన్నా మూడు రెట్లకు పైనే గాలి ఒత్తిడి ఉంటుంది.

చట్టం ప్రకారం గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల దాకా వాడొచ్చు, గాడి అడుగున చిన్న దిమ్మల్లా ఉంటాయి చూడు, ట్రెడ్ వాటితో సమం అయ్యిందంటే అంతే సంగతులు. నేనైతే మన వానలకి 3 దగ్గరే ఆపేస్తా. లోతు కొలిచే చిన్న గేజి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతుంది, లోపలి అంచున కూడా కొలవడం మర్చిపోకు.

నైట్రోజన్ అడిగావు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం అదే. రేసు కార్లకి, విమానాలకి తేమ లేని గాలి కావాలి కాబట్టి వాడతారు, రోడ్డు కారుకి తేడా నీకు తెలియదు. టైర్లు కొన్న చోట ఊరికే కొడితే కొట్టించుకో. తర్వాత గాలి తగ్గితే నైట్రోజనే కావాలని వెతుక్కుంటూ ఖాళీ టైర్లతో తిరగకు, పక్క పంచర్ షాపులో మామూలు గాలి కలిపేస్తే ఏమీ కాదు. వారంటీ కోసం బిల్లు, నాలుగు టైర్ల డీఓటీ అంకెల ఫోటోలు ఫోన్‌లో పెట్టుకో. 255/35 దొరికాక ఏ మోడల్ అన్నది రాయి, ముందు వాటి సంగతి అప్పుడు చూద్దాం.